కంట్రోల్-ఏ, చిటికెన వేలు

జూన్ 14, 2004, సోమవారం

ఈ డైరీ జనవరిలో రైసుమిల్లు వాళ్లు మా ఓనరు గణేష్‌బాబు గారికి ఇస్తే ఆయన నాకు ఇచ్చేశారు. ఆరు నెలలుగా సొరుగులో ఖాళీగా పడుంది. ఇవాళ రాయాలనిపించింది. నేను చేసిన పని చూసి మెచ్చుకోగల మనిషి ఈ నరసాపురంలో ఒక్కరూ లేరు. అందుకని నన్ను నేనే మెచ్చుకుంటాను.

మా లేసు ఎక్స్‌పోర్టు ఆఫీసు సర్వర్ మీద స్క్రీన్ పెట్టాను. ప్రోగ్రాం పేరే అది. ఒక్క మానిటర్‌లో నాలుగు కిటికీలు. సున్నాలో ఆర్డర్లు, ఒకటిలో ఏజెంట్లు, రెండులో స్టాకు, మూడులో ప్రింటు. ఇంతకు ముందు ఆర్డరు రాస్తూ స్టాకు చూడాలంటే ఒకటి మూసి, ఇంకోటి తెరిచి, మళ్లీ పాస్‌వర్డ్ కొట్టాలి. ఇప్పుడు కంట్రోల్, ఏ కలిపి నొక్కి వదిలేసి, కిటికీ నంబరు కొడితే చాలు. కనురెప్ప వేసేలోగా కిటికీ మారిపోతుంది.

అన్నిటికంటే అందం తెర అడుగున ఉన్న గీత. నీలం మీద పచ్చ అక్షరాలు, మూల గడియారం, ఏ కిటికీలో ఉన్నామో దాని పేరు. హైదరాబాదులో మా కంపెనీ మూతపడిన రోజు వరకూ నా మానిటర్ మీద ఇదే గీత ఉండేది. ఆ ఫైలు ఒక్కటే ఫ్లాపీలో వేసుకుని వచ్చాను. రెండేళ్లయింది. ఇవాళ దాన్ని మళ్లీ చూస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక గీతకి ఏడ్చే మనిషిని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

జూన్ 15

గీత ఇవాళ కూడా బాగుంది.

జూన్ 16

ఆపరేటర్లిద్దరికీ నేర్పాను. హారతికి అరగంట పట్టింది. ఇరవై రెండేళ్ల పిల్ల, భీమవరంలో కంప్యూటర్ డిప్లొమా చేసింది, చెప్పేలోపే చేసేస్తుంది.

జ్ఞానమ్మ గారికి మాత్రం మధ్యాహ్నం దాకా చెప్పాను. ఆవిడకి యాభై మూడు. పదేళ్ల వయసు నుంచి లేసు అల్లారు. కళ్లు దెబ్బతిని డాక్టరు ఇక అల్లిక మానెయ్యమంటే, రెండేళ్ల క్రితం గణేష్‌బాబు గారు తీసుకొచ్చి కీబోర్డు ముందు కూర్చోబెట్టారు. కారణం ఒకటే. మా దగ్గర మూడు వందల చిల్లర నమూనాలున్నాయి, నంబరు చెబితే ఆ నమూనా ఎలా ఉంటుందో, దారం ఎంత పడుతుందో చూడకుండా చెప్పగలిగేది ఆవిడ ఒక్కరే. ఆవిడా మనవరాలూ ఉండే ఆ ఇల్లు నడిచేది ఈ ఉద్యోగం మీదే.

నేను టైపింగ్ హయ్యర్ ఫస్టు క్లాసులో పాసయ్యాను. వేళ్ల విషయంలో రాజీ పడను. "చిటికెన వేలు కంట్రోల్ మీద, పక్క వేలు ఏ మీద. ఎప్పుడూ ఇలాగే. వేరే వేలు పెడితే అలవాటు చెడిపోతుంది" అని గట్టిగానే చెప్పాను.

"మీరు నేర్పినట్టే చేత్తానండి మేడమ్ గారూ" అన్నారావిడ.

జూన్ 23

మధ్యాహ్నం రెండున్నరకి కరెంటు పోయింది. ముందు గదిలో కంప్యూటర్లన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. వెనక గదిలో సర్వర్‌కి మాత్రం యూపీఎస్ ఉంది. నేను లోపల్లోపల గెంతులేస్తూ కూర్చున్నాను.

నాలుగింటికి కరెంటొచ్చింది. మళ్లీ లాగిన్ అయి ఒక్క చిన్న కమాండు కొట్టమన్నాను. సగంలో ఆగిన ఆర్డరు, ఆగిన చోటే కర్సరు, అన్నీ ఎలా వదిలారో అలాగే ఉన్నాయి. హారతి చప్పట్లు కొట్టింది.

జ్ఞానమ్మ గారు కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. తర్వాత అన్నారు: "అల్లిక మధ్యలో లేవాల్సి వత్తే మేమూ ఇంతేనండి. ఆఖరి ఉచ్చుని ఇంత పెద్దగా లాగి వదిలేత్తాం. సూది తీసేసినా ఊడదు. తిరిగొచ్చి అందులో సూది పెట్టి లాక్కుంటే మామూలే."

దీన్ని చక్కగా వివరించడానికి నేను హైదరాబాదులో ఒక ట్రైనింగంతా కష్టపడ్డాను. ఆవిడ నాలుగు వాక్యాల్లో చెప్పేశారు. కొంచెం కుళ్లుగా కూడా ఉంది.

జూలై 1

ఇవాళ మంచి రోజు కాదు.

లోవమ్మ గారు వచ్చారు. మొగల్తూరు వైపు ఊళ్లో మా ఏజెంటు ఆవిడ. మా స్లిప్పు తీసుకెళ్లి ఊళ్లో ఆడవాళ్లకి పని పంచి, అయ్యాక మూట కట్టి తెస్తారు. మూట విప్పితే నలభై పొడుగాటి అంచులు. మాకు కావలసినవి టీపాయి మీద వేసే గుండ్రటి ముక్కలు. గుండ్రటి ముక్క నంబరు 214. టేబుల్‌గుడ్డ అంచు నంబరు ఏ-214. లోవమ్మ గారి స్లిప్పు మీద ఏ-214 అనే ఉంది. స్లిప్పు ఇక్కడి నుంచే వెళ్లింది.

పది పన్నెండు రోజుల అల్లిక. ఎవరికీ అక్కర్లేనిది.

జ్ఞానమ్మ గారు ఒక అంచు చేతిలోకి తీసుకుని వేళ్లతో తడిమారు. "ఇది వీరవేణి అల్లిందండి. ఈ బిగువు ఆ చేతికే వత్తాది" అన్నారు. ఇంకోటి తీశారు. దాని మనిషి పేరూ చెప్పారు. ఆ తర్వాత స్లిప్పు ఎవరు కొట్టారని అడిగారు. నేను చూసి చెప్పాను. ఆవిడే కొట్టారు.



జూలై 3, శనివారం

గణేష్‌బాబు గారు పిలిచారు. ఆయన కోపం చూపించే మనిషి కాదు, అదే భయం. "స్క్రీన్ పెట్టిన దగ్గర్నుంచి ఎవరివి ఎన్ని తప్పులో కాగితం మీద ఇవ్వండి ఫణిశ్రీ గారూ" అన్నారు.

ఎవరేం కొట్టారో సర్వర్ రాసిపెట్టుకునే లాగ్‌లోంచి తీశాను. దిద్దినవీ, దిద్దకుండా స్లిప్పుల్లోకి వెళ్లినవీ కలిపి హారతి నాలుగు, జ్ఞానమ్మ గారు అరవై ఒకటి. కింద ఒక్కో తప్పూ వరసగా టైపు చేసి, స్టేపుల్ కొట్టి ఇచ్చాను.

ఆయన చాలాసేపు అంకె వైపే చూశారు. "నెలాఖరు దాకా చూద్దాం. ఇలాగే ఉంటే ఆవిడని మానిపించక తప్పదు. ఊళ్లల్లో ఆడవాళ్ల కష్టం అండి అది" అన్నారు.

నేనేం కల్పించలేదు. లాగ్‌లో ఉన్నదే రాశాను.

జూలై 4

లాగ్‌లో ఉన్నదే రాశాను.

జూలై 6

కారణం దొరికింది. కళ్లు. ఆవిడకి అక్షరాలు సరిగ్గా ఆనడం లేదు. అందుకని నిన్నా ఇవాళా కూర్చుని రంగులన్నీ మార్చాను. ఆర్డర్ల గీత పసుపు, ఏజెంట్లది పచ్చ, స్టాకుది ఊదా, ప్రింటుది నారింజ. గడియారం మెరుస్తుంది. కిటికీల పేర్ల మధ్య చిన్న చిన్న నిలువు గీతలు. ఎంత బాగా కుదిరిందంటే ఇంటికి వెళ్లబుద్ధి కాలేదు.

ఒక ఆపరేటరు కోసం ఇంత శ్రద్ధ ఎవరు తీసుకుంటారు. ఈ మాట రాసుకున్నాక కొంచెం తేలిగ్గా ఉంది.

జూలై 8

షట్టరు తీసే ముసలయ్య చెప్పాడు. జ్ఞానమ్మ గారు సోమవారం నుంచి ఎనిమిదింటికే వచ్చి గుమ్మం దగ్గర నిలబడుతున్నారట. ఆఫీసు తొమ్మిదికి. లోపలికి వెళ్లి కంప్యూటరు వేసుకుని ఒక్కరే కూర్చుంటున్నారట. ఎందుకో మరి.

తప్పులు ఇవాళ ఏడు.

జూలై 12

"మేడమ్ గారూ, ఒక మాట చెప్తే ఏమీ అనుకోరు కదండి" అన్నారు జ్ఞానమ్మ గారు.

"చెప్పండి."

"ఈ రంగులు పండక్కి కట్టుకోడానికి బాగుంటాయండి. పనిలోకి కాదు."

నాకు చెవులు వేడెక్కాయి. హారతి తల దించుకుని నవ్వు ఆపుకుంటోంది. ఎందుకు బాగులేవో చెప్పమన్నాను. నా గొంతు అంత మర్యాదగా లేదు.

"తెల్ల దారం అల్లేటప్పుడు ఒళ్లో నల్ల గుడ్డ ఏసుకుంటామండి. అప్పుడు కన్నం కన్నం కనపడుద్ది. పక్కన ఇంకే రంగున్నా కన్ను అటు లాగేత్తాది."

"మరి ఏ కిటికీలో ఉన్నారో ఎలా తెలుస్తుంది?"

"వరస ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుకి ఎర్ర దారం ముక్క ఒకటి కడతామండి. ఒక్కటే. రెండు కడితే ఏది ఏదో తెలీదు."

వెనక గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాను. పావుగంట ఉడుక్కున్నాను. అరగంటలో మార్చేశాను. తెరంతా నలుపు, అక్షరాలన్నీ తెలుపు, అడుగున నాలుగు కిటికీల పేర్లూ తెలుపే. ఉన్న కిటికీ పేరు ఒక్కటి ఎరుపు. గడియారం తీసేశాను. గోడ మీద ఒకటి ఉండనే ఉంది.

జూలై 13

నా మానిటర్ మీద కూడా నలుపే పెట్టుకున్నాను. నాలుగేళ్లుగా నేను ముచ్చటపడిన గీత పోయింది. పోయినట్టే లేదు. పొద్దున్నుంచి చూపు ఎటూ పోకుండా పని మీదే ఉంది. ఇన్నాళ్లూ ఆ గీతని చూడటానికే పని చేశానేమో అనిపిస్తోంది. సిగ్గేసింది, సంతోషంగా కూడా ఉంది.

జూలై 14

తప్పులు అయిదు. తగ్గాయి, పోలేదు. కళ్లే కారణమైతే పోవాలి.

జూలై 16, శుక్రవారం

పదకొండింటికి టీ వచ్చింది. జ్ఞానమ్మ గారు ఎడమ చేత్తో స్టీలు గ్లాసు పట్టుకుని, కుడి చేత్తో ఆర్డరు కాగితాలు తిప్పుతున్నారు. ఎడమ చిటికెన వేలు గ్లాసుకి ఎడంగా, నిటారుగా ఉంది. హారతి, "రాణీగారిలా తాగుతారండి జ్ఞానమ్మ గారు" అని ఆటపట్టించింది.

ఆవిడ నవ్వారు. "రాణీ లేదు ఏం లేదు. వంగదండి అది. నలభై ఏళ్లు దారం ఈ వేలికే చుట్టి బిగబట్టాను. చూడండి." చెయ్యి చాపారు. వేలి మొదట్లో దారం కోసిన గాడి, ఉంగరం తీసేసిన చోటులా. పై కణుపు కర్రలా ఉంది.

నేను టీ అక్కడే వదిలేసి వెనక గదిలోకి వచ్చాను. మూడో తారీకు ఇచ్చిన జాబితా కాపీ తీశాను.

ఏ-214. ఏ-231. ఏ-206. ఏ-214. ఏ-288.

ఏ, రెండు. ఏ, రెండు. ఏ, రెండు. ఈ కాగితం నేనే టైపు చేశాను. కింద మొత్తం వేశాను. ఒక్కసారి కూడా చదవలేదు.

నమూనా నంబరు రాసే గడి దగ్గర ఉండగా ఆవిడకి స్టాకు చూడాల్సి వస్తుంది. స్టాకు రెండో కిటికీ. కంట్రోల్-ఏ, తర్వాత రెండు. వంగని వేలు కంట్రోల్ మీద పడకపోతే కిటికీ మారదు, గడిలో ఏ, రెండు అచ్చు పడతాయి. ఆవిడ మళ్లీ నొక్కుతారు. ఈసారి వేలి అంచు తగిలి కిటికీ మారుతుంది. స్టాకు చూసి వెనక్కి వస్తారు. గడిలో రెండు కనిపిస్తుంది. 214లో రెండు కొట్టేశాననుకుని పద్నాలుగు కొడతారు. ఆ నంబరుతో అంచు ఒకటి నిజంగానే ఉంది కాబట్టి ప్రోగ్రాం నోరెత్తదు.

నలభై అంచులు. వీరవేణి బిగువు.

జాబితా చివరిదాకా చూడలేకపోయాను. కాగితం మడిచి సొరుగులో పెట్టేశాను.

జూలై 17

పొద్దున్నే అడిగాను. "వేలు వంగదని నాకెందుకు చెప్పలేదండి?"

"చిటికెన వేలే పెట్టమన్నారు కదండి మీరు. పని నేర్పేవాళ్లు చెయ్యి ఎలా పెట్టమంటే అలా పెట్టాలి. నేను పిల్లలకి అల్లిక నేర్పినప్పుడు అలాగే చెప్పేదాన్ని." తర్వాత అన్నారు: "వేలు పనిచెయ్యదంటే ఇంటికి పొమ్మంటారని కూడా అనుకున్నానండి."

కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. మీకెలా కావాలో మీరే చెప్పండి, నేను అలాగే కడతాను అన్నాను. ఆవిడ కీబోర్డు వైపు చాలాసేపు చూశారు, కొత్త నమూనా చేతికొచ్చినప్పుడు చూసినట్టు.

"ఎడమ చెయ్యి పట్టుకుంటాదండి. కుడి చెయ్యి అల్లుద్ది. రెండిటికీ ఒకే పని చెప్తే ఎలాగ?"

అంతే. నాకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. కంట్రోల్-ఏని పీకేశాను. పై వరసలో కుడివైపున్న కీలకి ఒక్కోదానికి ఒక్కో కిటికీ కట్టాను. ఎఫ్-9 ఆర్డర్లు, ఎఫ్-10 ఏజెంట్లు, ఎఫ్-11 స్టాకు, ఎఫ్-12 ప్రింటు. ఒక్క వేలు, ఒక్క దెబ్బ. ఏ అంటే ఇక ఏ మాత్రమే.

నొక్కి చూసి, "వెనక్కి రాడానికి?" అన్నారు.

"ఎఫ్-9 కొట్టండి."

"అది ఆర్డర్లకి కదండి. నేను ఏజెంట్ల దగ్గర్నుంచి వచ్చుంటే? ఇందాక ఎక్కడున్నానో అక్కడికి పోవాలి. అల్లికలో ఒక వరస వెనక్కి లాక్కుంటాం చూడండి, అలా."

ఆ సదుపాయం స్క్రీన్‌లో ఉంది. ఇన్నేళ్లలో నేను ఎప్పుడూ వాడలేదు. ఎఫ్-8కి కట్టాను. మాన్యువలు చదవని మనిషి దాని అవసరం ఊహించి అడిగింది, చదివిన నేను మర్చిపోయాను. ఫైలు మొదట్లో ఒక వరస రాశాను, ప్రోగ్రాం పట్టించుకోని వరస, మనుషుల కోసం రాసేది: ఈ కీలు జ్ఞానమ్మ గారు కట్టినవి.

జూలై 19

సున్నా.

జూలై 20

సున్నా.

జూలై 21

సున్నా. పైగా ఇవాళ ఒక ఆర్డరు కొడుతూ మధ్యలో ఆగి, "ఇది తప్పండి. 156కి నలభయ్యో నంబరు దారం రాశారు. దానికి అరవయ్యోది వెయ్యాలి, లేపోతే పువ్వు మొద్దుగా వత్తాది" అన్నారు. ఎఫ్-11, ఎఫ్-8, ఎఫ్-11, ఎఫ్-8. అటూ ఇటూ తిరుగుతూ నిమిషంలో పాత ఆర్డరు చూపించారు. నిజమే. తప్పు ఆర్డరు పంపినవాళ్లది, వాళ్లు ఫోన్లో ఒప్పుకున్నారు.

కుడి చెయ్యి ఎంత వేగంగా కదులుతోందో, ఎడమ చెయ్యి అంత నిమ్మళంగా బల్ల అంచు పట్టుకుని ఉంది. హారతి తన పని ఆపి చూస్తోంది. తర్వాత నా దగ్గరికొచ్చి, "నాక్కూడా ఆ కీలు పెట్టండి మేడమ్" అంది.

ఇలాంటి మనిషి పక్కన కూర్చుని రెండేళ్లు పనిచేసి, నేను ఆవిడకి నేర్పుతున్నాననుకున్నాను.

జూలై 22

గణేష్‌బాబు గారికి చెప్పాలి. అయినా నెలాఖరు లెక్కలో ఆవిడవి సున్నా కనిపిస్తే ఆయనకే తెలుస్తుంది. ప్రత్యేకంగా నేను చెప్పక్కర్లేదేమో.

జూలై 23

రేపు చెప్తాను.

జూలై 24

శనివారం ఆయన హడావుడిగా ఉంటారు. సోమవారం.

జూలై 26

గణేష్‌బాబు గారు పెళ్లికని రావులపాలెం వెళ్లారు. మూడింటికి తిరిగొచ్చారు. నాకు ప్రింటరు పని పడింది.

జూలై 28

ఇవాళ ఎనిమిదింటికి నేనూ వెళ్లాను. ప్రింటరు కోసం. గుమ్మం దగ్గర జ్ఞానమ్మ గారు నిలబడి ఉన్నారు. వాన చినుకులు పడుతున్నాయి. ముసలయ్య ఇంకా రాలేదు.

"ఇప్పుడు తప్పుల్లేవు కదండి, ఇంత పొద్దున్నే ఎందుకు" అన్నాను.

"నెలాఖరు కదండి" అన్నారు. తర్వాత వాన వైపు చూస్తూ మామూలుగా చెప్పారు. "ఆ శనివారం సాయంత్రమే బాబుగారు పిలిచి కాగితం చూపించారండి. నెల టైమిత్తానన్నారు."

"ఆ కాగితం..."

"మీరే రాశారని తెలుసండి. కింద మీ సంతకం ఉంది."

అంటే అయిదో తారీకు నుంచి ఈ గుమ్మంలో నిలబడుతున్నది అందుకు. ఆ తర్వాతే నాకు నల్ల గుడ్డ సంగతి చెప్పారు. ఆ తర్వాతే ఎర్ర దారం సంగతి చెప్పారు. రోజూ టీ గ్లాసు ముందు నాకే అందించారు.

"నన్ను ఒక్క మాట అనలేదేంటండి?"

"ఏమంటానండి. అరవై ఒకటి ఉన్నాయి కదా. నేనూ లెక్కెట్టుకున్నాను."

ముసలయ్య వచ్చి షట్టరు తీశాడు. లోపలికి వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను. ప్రింటరు జోలికి పోలేదు. ఇంత సిగ్గు నాకు ఉద్యోగం పోయినప్పుడు కూడా కలగలేదు.

జూలై 29

చెప్పాను.

నోటితో చెబితే ఆయన నమ్మరు, చూస్తేనే నమ్ముతారు. హారతి మానిటర్ మీద పాత కీలు పెట్టాను. పెన్సిలు ముక్క ఒకటి నా ఎడమ చిటికెన వేలికి ఆనించి లేసు దారంతో గట్టిగా చుట్టుకున్నాను. గణేష్‌బాబు గారిని పిలిచి, ఆర్డర్లు చదవండి, నేను కొడతాను, ప్రతి ఆర్డరుకీ స్టాకు చూస్తాను అన్నాను. ఆయన ఒక్కోటి చదివారు. నేను వేగం తగ్గించకుండా కొట్టాను. టైపింగ్ హయ్యర్, ఫస్టు క్లాసు.

ఇరవై ఆర్డర్లలో నాలుగు ఏ-రెండు.

ఆయన తెర వైపు చూడలేదు. నా వేలి వైపు చూస్తున్నారు. "మా అమ్మ గ్లాసు పట్టుకుంటే ఆ వేలు ఇలాగే ఉండేదండి. చూస్తూనే పెరిగాను" అన్నారు.

అప్పుడు కొత్త కాగితం ఇచ్చాను. పాతదే, పేరు మార్చాను. అరవై ఒకటి, ఫణిశ్రీ.

"అంటే ఆవిడ తప్పు ఒక్కటీ లేదంటారు."

"లేదండి. అన్నీ నావే."

"ఎల్లుండి చెప్తాను" అని కాగితం జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. నా వేలికి రక్తం తిరగడానికి పావుగంట పట్టింది. ఎవరేమనుకున్నా, ఇవాళ నేను నాకు నచ్చాను.

జూలై 30

నచ్చడం ఒక్కరోజు ముచ్చటే.

జ్ఞానమ్మ గారికి కాగితం కాపీ ఇచ్చాను. నిజం చెప్పాలంటే, చూసి ఆవిడ కళ్లు చెమరుస్తాయని ఎదురుచూశాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, వేలు కిందికి జరుపుకుంటూ మొదటి వరస నుంచి ఆఖరి వరస దాకా చదివారు. చాలాసేపు పట్టింది.

"ఇది తప్పండి" అన్నారు.

"ఏది?"

"ఇదిగో, 117 బదులు 171. ఇక్కడ 309 బదులు 390. ఈ కిందది రెండుసార్లు కొట్టాను. ఈ మూడిట్లో ఏ లేదు కదండి. ఇవి వేలు వల్ల కాదు. నా పరాకు."

"పోనివ్వండి జ్ఞానమ్మ గారూ, మూడే కదా."

"నావి మీరెందుకు తీసుకుంటారండి?"

నాకు కోపమొచ్చింది. ఇంత చేస్తే ఇదా అనిపించింది. రేపు ఆయన ఏమంటారో తెలియని రోజు, మూడు తప్పులు వెతికి మరీ నెత్తిన పెట్టుకునే మనిషిని ఏం చెయ్యాలి. వదిలేద్దామని చాలా నచ్చజెప్పాను. వినలేదు.

ఇంటికొచ్చాక కోపం తగ్గింది. మొదటిసారి చదవకుండా అరవై ఒకటీ ఆవిడ మీద వేశాను. నిన్న చదవకుండానే అరవై ఒకటీ నా మీద వేసుకున్నాను. రెండుసార్లూ కాగితం చదివింది ఆవిడే.

జూలై 31, శనివారం

మూడో కాగితం ఇచ్చాను. యాభై ఎనిమిది, ఫణిశ్రీ. మూడు, జ్ఞానమ్మ.

గణేష్‌బాబు గారు మొన్నటిదీ ఇవాళ్టిదీ పక్కపక్కన పెట్టుకుని చదివారు. జ్ఞానమ్మ గారిని పిలిపించారు.

"మూడు మీవంట కదండి."

"ఆయ్, నావేనండి."

"మూడు వారాలకి మూడా?"

"ఆ మూడూ స్లిప్పులోకి పోకముందే దిద్దుకున్నానండి. కానీ నావే."

ఆయన తల ఊపారు. "సరేనండి. సోమవారం నుంచి కొత్త ఆర్డర్లన్నీ ముందు మీరు చూసి, తర్వాత హారతికి ఇవ్వండి" అన్నారు. జ్ఞానమ్మ గారు అలాగేనండి అని వెళ్లి కూర్చుని ఎఫ్-9 నొక్కారు.

నన్ను ఆగమన్నారు. "ఆ నలభై అంచులు ఎందుకు పక్కన పడ్డాయో లోవమ్మ గారి ఊరెళ్లి ఆ ఆడవాళ్లకి మీరే చెప్పి రండి."

ఆగస్టు 1, ఆదివారం

జ్ఞానమ్మ గారూ నేనూ వెళ్లొచ్చాం. లోవమ్మ గారి అరుగు మీద తొమ్మిది మంది కూర్చున్నారు. తప్పు ఆఫీసుది, నాది అని, వేలి సంగతితో సహా చెప్పాను. చెప్పినంతసేపూ ఎవరి సూదీ ఆగలేదు.

వీరవేణి అంటే పెద్దావిడ అనుకున్నాను. నాకంటే చిన్నది. నా ఎడమ చెయ్యి తీసుకుని చిటికెన వేలు నొక్కి చూసింది. "మెత్తగా ఉందండి" అంది. ఒళ్లో నల్ల గుడ్డ మీద తెల్ల పువ్వు సగంలో ఉంది. చివర ఒక్క ఎర్ర దారం ముక్క.

ఆగస్టు 2, సోమవారం

పొద్దున్న ఎనిమిదింటికి వెళ్లాను. గుమ్మం దగ్గర ఎవరూ లేరు. ముసలయ్య షట్టరు తీస్తూ, "ఆవిడ ఇంకా రాలేదేంటండి, ఒంట్లో బాలేదా" అన్నాడు. నాకూ భయమేసింది. గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను.

జ్ఞానమ్మ గారు తొమ్మిదింటికి వచ్చారు. అందరితో పాటే.